వంటింటి మీదుగా పోయిన తీగ

పోయిన నెలలో ఒక ఆదివారం మా ఇంట్లో మూడు లాప్‌టాప్‌లు ఒకదాని మొహం ఒకటి చూడకుండా రోజంతా కూర్చున్నాయి. ఒకటి నా కూతురిది, ఒకటి అల్లుడిది, మూడోది కూతురు వాడి వాడి విసుగొచ్చి నాకు అంటగట్టింది. మూడింటిలోనూ మూడు రకాల సిస్టమ్‌లు. మా అమ్మ పాత ఫోటోలన్నీ ఒకచోట పెట్టి, ఎవరి మిషన్‌లోంచి వాళ్లు తెరుచుకునేలా చేద్దామని వాళ్ల ప్రయత్నం. పొద్దున ఇడ్లీలప్పుడు మొదలుపెట్టారు. మధ్యాహ్నం అన్నాలప్పటికి ఒక మిషన్‌కు రెండోది కనిపిస్తోందట గానీ తెరుచుకోవడం లేదట. టీ వేళకు తెరుచుకుంటోందట గానీ పేర్లన్నీ డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తున్నాయట. నేను నవ్వుకుంటుంటే కూతురికి కోపం వచ్చింది. నీకేం తెలుసమ్మా, ఇది నువ్వు అనుకునేంత సులువు కాదు అంది. నువ్వు పుట్టకముందే ఈ గొడవ మా ఇంట్లో నెల రోజులు నడిచిందే, వంటింటి మీదుగా నడిచింది అన్నాను. నమ్మలేదు. నమ్మకపోవడంలో దాని తప్పేమీ లేదు, జహీరాబాద్‌లో ఆ రోజుల్లో మా ఇంట్లో జరిగింది నాకే ఒక్కోసారి కట్టుకథలా అనిపిస్తుంది.

మా ఇల్లు బొంబాయి రోడ్డు పక్కనే, రైలుబోగీలా పొడుగ్గా ఉండేది. లారీ పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగలమనేవి. ముందు గది మా నాయినది, అంటే ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్. వెనక గది మా చిన్నాయినది, అంటే ఆయన అల్లం బస్తాలది. ఈ రెండింటికీ నడుమ, ఎటు పోవాలన్నా దాటక తప్పని చోట, అమ్మ వంటిల్లు. ముందు నుంచి రిబ్బన్ సిరా వాసన, మిషన్ ఆయిల్ వాసన. వెనక నుంచి తడి మట్టి అంటిన పచ్చి అల్లం వాసన. ఆ రెండూ వచ్చి జొన్నరొట్టె కాలే పెనం దగ్గర కలుసుకునేవి. మా బట్టలకు, పుస్తకాలకు, చివరికి తలకు కూడా అల్లం ఘాటు పట్టి ఉండేది. కాలేజీలో నా పక్కన కూర్చునే పిల్ల నన్ను చూస్తే టీ తాగాలనిపిస్తుందని అనేది. చప్పుడు సంగతి చెప్పనక్కర్లేదు. ముందు గదిలో పది టైప్‌రైటర్లు టకటకమంటుంటే వంటింట్లో అమ్మ రొట్టె చరిచే చప్పుడు కూడా అదే వేగాన్ని అందుకునేది. పరీక్షల ముందు బ్యాచ్ వేగం పెరిగితే మా ఇంట్లో రొట్టెలు పలచబడేవి.

నాయినను ఊరంతా టైపు సార్ అనేది. ఆయన మిషన్లకు పేర్లు లేవు, నంబర్లే. నాలుగో నంబర్‌కు కోపమెక్కువ, ఏడో నంబర్‌కు బద్ధకం అని మనుషుల గురించి చెప్పినట్టు చెప్పేవాడు. కీల వైపు చూసి కొట్టే పిల్లల చేతుల మీద తువ్వాలు కప్పేవాడు. అన్నం తింటూ ముందు గదిలోని చప్పుడు వింటూ ఉండేవాడు. ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి, ఆరో నంబర్ స్పేస్ కొట్టలేదని కేక వేసేవాడు. వెళ్లి చూస్తే నిజంగానే కొట్టి ఉండేది కాదు. పరీక్షలు సంగారెడ్డిలో జరిగేవి, మిషన్లు మనమే మోసుకుపోవాలి. చిన్నాయిన అల్లం లారీలో వాటిని గొంగళ్లలో చుట్టి పెట్టి, డ్రైవర్ పక్కన సీటు ఖాళీగా ఉన్నా నాయిన వెనక మిషన్ల మధ్యనే కూర్చుని పోయేవాడు. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ చాచి చెరొక మిషన్ పట్టుకునేవాడట. పరీక్ష రాసే మమ్మల్ని మాత్రం బస్సులో ఎవరో ఒకరికి అప్పగించి పంపేవాడు.

మా చిన్నాయిన పేరు వీరేశం. ఆయనకు టైపు రాదు, ఇంగ్లీషు రాదు, భయం మాత్రం ఎందులోనూ లేదు. అల్లం వ్యాపారంలో ఆయన చేతి తూకానికి పేరు. ఒక కొమ్ము చేతిలోకి తీసుకుని ఎగరేసి పట్టుకుంటే నీరెంత, పీచెంత చెప్పేవాడు. అట్లాంటి మనిషి ఒకసారి సరుకు పని మీద హైదరాబాద్ పోయి, అక్కడ ఏదో ఆఫీసులో పాత సామాను హర్రాజు జరుగుతుంటే నిలబడి చూసి, ఒక కంప్యూటర్ పాడుకొచ్చాడు. నలుగురు హమాలీలు దించారు దాన్ని. అప్పటికే మా అన్న బస్వరాజు హైదరాబాద్‌లో డిప్లొమా చేసి, తెలిసినవాళ్ల దగ్గర ఒక చిన్న కంప్యూటర్ పట్టుకొచ్చి ముందు గదిలో నాయిన టైప్‌రైటర్ల పక్కన పెట్టి ఉన్నాడు. చిన్నాయిన ఆ చిన్నదాన్ని ఒక మూల పట్టుకుని లేపి చూసి పెదవి విరిచాడు. తనది దానికి మూడింతలు బరువుందని, సరుకంటే అట్లా ఉండాలని అమ్మతో చెప్పాడు. లోపల నడిచే సిస్టమ్ వేరని, తనది డాస్ అని, చిన్నాయిన తెచ్చింది యునిక్స్ అని, ఒకదాని ఫ్లాపీ రెండోదానిలో పెడితే చదవదని అన్న తల పట్టుకుంటే, అల్లంలో కూడా మారన్ రకం వేరు, నాటు రకం వేరు, బస్తాలో పడ్డాక అన్నీ కలుస్తాయి, ఫికర్ చేయకు అన్నాడు చిన్నాయిన.

నిజానికి ఫికర్ ఉండవలసింది నాయినకు. ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు తగ్గుతున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రతివాడూ టైపు పోయింది, ఇక కంప్యూటరే అంటున్నాడు. అన్న, చిన్నాయిన ఒక్కటై, టైప్‌రైటర్లన్నీ బీదర్‌లో ఒకాయన అడుగుతున్నాడు, ఇచ్చేసి కంప్యూటర్ సెంటర్ పెడదామని నాయిన చెవిలో ఇల్లు కట్టుకున్నారు. ఆ ప్లానులో నాకూ ఒక కుర్చీ ఉంది. ఆడపిల్లలను రోడ్డు మీది గదిలో కూర్చోబెట్టి నేర్పిస్తామంటే మా ఊళ్లో ఎవరూ పంపరు కాబట్టి వాళ్ల బ్యాచ్ వెనక గదిలో, చిన్నాయిన పెద్ద మిషన్ మీద. దానికి టీచర్ నేను. అప్పటికి నేను డిగ్రీ అయిపోయి, టైపులో హయ్యర్ పాసై, ఇంట్లో ఉన్నాను. సెంటర్ వస్తే నేను మేడమ్‌ని. రాకపోతే అమ్మ పక్కన రొట్టెలు చరచడం, సాయంత్రం చిన్నాయిన బస్తాల దగ్గర కుళ్లిన అల్లం ఏరడం. నా ఆశంతా ఆ కుర్చీ మీదే ఉందని ఇంట్లో అందరికీ తెలుసు, నాయినకు ఇంకా బాగా తెలుసు. ఆయన పది మిషన్లు పోతేనే నాకు ఆ కుర్చీ వస్తుందని నాకూ తెలుసు. అందుకే ఆ రోజుల్లో నేను ఆయన కళ్లలోకి సూటిగా చూసేదాన్ని కాదు.

నాయిన చాలా రోజులు వినీ విననట్టు ఉండి, ఒకనాడు రొట్టె తుంచుతూ తన షరతు చెప్పాడు. "ఒక్క ఇంట్ల ఉండి గీ రెండు మిషిన్లు మాట్లాడుకోకుంటె, గవి ఊరోళ్లకేం నేర్పుతయి? దసరా నాడు నేను ఉత్తరం చెప్త. సంగు వెనక గదిల కొట్టాలె, ముందు గదిల కాగితం మీద పడాలె. పడితె నా మిషిన్లు తీస్కపోండ్రి. పడకుంటె మళ్ల ఈ ముచ్చట ఎత్తొద్దు." సంగు అంటే నేను, సంగమేశ్వరిని. పోస్ట్ మాస్టర్ సాబ్‌ను సాక్షిగా పిలుస్తానన్నాడు. ఆయన నాయినకు పాత స్నేహితుడు, జీవితంలో ఒక్క ఉత్తరం కూడా పోగొట్టలేదని పేరున్న మనిషి. ఉత్తరాల విషయంలో ఆయన మాట మా ఊళ్లో కోర్టు మాటే.

దసరాకు నెల ఉంది. అన్న ఒక ప్రింటర్, తీగ, మిగతా సామాను పట్టుకొచ్చి పనిలో దిగాడు. వెనక మిషన్‌కు ముందు మిషన్‌కు నడుమ ఒక తీగ పోవాలి. ఒక మిషన్‌లోని కాగితం రెండోదానిలో కూడా ఉండటమే దీని పరమార్థమని అన్న వివరించాడు. కార్బన్ పేపర్ కూడా అదే చేస్తుంది, తీగ అక్కర్లేదు అన్నాడు నాయిన. తీగకు వేరే దారి లేదు, వంటింటి మీదుగానే పోవాలి. మొదట కింద నుంచి వేశారు, అమ్మ ఊడ్చేటప్పుడు చీపురుకు తట్టుకుని రెండుసార్లు ఊడింది. తరువాత పొయ్యి పక్క గోడకు మేకులు కొట్టి వేశారు, ఆవిరికి మెత్తబడిందని తీశారు. చివరికి అమ్మ తల మీదుగా, ఈ గోడ నుంచి ఆ గోడకు లాగి కట్టారు. మరునాడు చూస్తే దాని మీద మసిగుడ్డలు, చిన్నాయిన ధోతి, నా ఓణీ వరసగా ఆరేసి ఉన్నాయి. ఇంత చక్కని దండెం ఇన్నేళ్లూ కట్టివ్వనివాళ్లు ఇప్పుడు కట్టారని ఆమె సంతోషం. బట్టలు తీయమని అన్న బతిమాలితే, కరెంటు పాకే తీగయితే వంటింట్లో ఎందుకు కట్టావు, పాకనిదైతే గుడ్డకేం నష్టం అని అడిగింది. అన్న బట్టల జోలికి పోకుండా ముందు గదికి వెళ్లిపోయాడు.

తీగ వేసినంత మాత్రాన పని నడవదు. ఇటు నుంచి పంపేటప్పుడు అటు మిషన్ అందుకోవడానికి సిద్ధంగా ఉండాలి, ఇద్దరూ ఒకేసారి మీటలు నొక్కాలి. ఆ సమయం కుదరడానికి వెనక గది నుంచి నేను పంపుతున్నా అని అరవాలి, ముందు గది నుంచి అన్న పంపు అని అరవాలి. రోడ్డు మీది లారీల మోతకు, టైప్‌రైటర్ల టకటకకు మా అరుపులు అందేవి కావు. అందుకని నడుమ అమ్మ మా మాటలు అటూ ఇటూ మోసేది. పంపిందట అని ముందుకు, రాలేదట అని వెనక్కు, మళ్లీ పంపమంటున్నడు అని, ఎవరన్నారో మరచిపోయి రెండు వైపులకూ. పెనం మీద రొట్టె మాడినప్పుడు ఆ నష్టం కూడా ఇద్దరికీ సమంగా పంచి తిట్టేది. ఇట్లా పది రోజులు పోయాక ఒక సాయంత్రం ముందు గది తెర మీద నా అక్షరాలు కనిపించాయి. ఒక లైను. టీ కావాలా అని ఇంగ్లీషులో కొట్టాను. కావాలని అన్న జవాబు కొట్టాడు. అది వెనక గదిలో తెర మీద కనిపించగానే నేను అరిచిన అరుపుకు చిన్నాయిన చేతిలో తక్కెడ వదిలేశాడు. ఆ టీ చేసింది మాత్రం అమ్మే, ఆమెకు కబురు నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

ఆ తరువాత ఇరవై రోజులూ మేం సంబరంతో ఒకరికొకరం పంపుకుంటూనే ఉన్నాం. కూర ఏంది, కరెంటు పోయేలా ఉన్నది, చిన్నాయిన నిద్రపోతున్నడు. ప్రతిసారీ ఒక్క లైను. ఇంటి తీగ మీద ఉత్తరం రాసుకునే అవసరం ఎవరికుంటుంది? రెండు లైన్లు పంపి చూద్దామని మాలో ఏ ఒక్కరికీ తట్టలేదు. ఒకసారి మాత్రం అన్న ముందు గది నుంచి పెద్ద కాగితం పంపితే, నా తెర మీద ప్రతి లైను చివరా ఏదో పిచ్చి గుర్తు ఒకటి అదనంగా వచ్చి కూర్చుంది. అన్న వచ్చి చూసి, టంకం సరిగా పడలేదు, తీగలో మురికి దూరుతోంది అన్నాడు. మసిగుడ్డల వైపు కోపంగా చూశాడు. వెనక మిషన్‌లోకి వచ్చే ప్రతి కాగితంలోనూ ఆ గుర్తు కనిపిస్తే తుడిచేయమని మిషన్‌కే ఒక ఆజ్ఞ రాసిపెట్టాడు. తుడిచేసింది. ఇల్లు శుభ్రమైందనుకున్నాం. చిన్నాయిన తన వంతుగా నిమ్మకాయ, మిరపకాయలు దండ గుచ్చి పెద్ద మిషన్‌కు కట్టాడు. పది టైప్‌రైటర్ల మధ్య పాతికేళ్లు గడిపిన మనిషి ముందు గదిలోనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయనను అడుగుదామని మాకెవరికీ తోచలేదు. ఆయన అవతలి పక్షం కదా. పైగా పాతకాలపు మనిషి, కంప్యూటర్ సంగతి ఆయనకేం తెలుస్తుందని మా గర్వం.

దసరా నాడు ప్రతి ఏడాదీ నాయిన టైప్‌రైటర్లకు పూజ చేసేవాడు. ముందు రోజే ఒక్కొక్కటీ విప్పి, బ్రష్‌తో అక్షరాల సందుల్లో మసి తీసి, కిరోసిన్‌తో కడిగి, ఆయిల్ వేసి, పొద్దున్నే ఒక్కొక్కదానికి బంతిపూల దండ, కుంకుమ బొట్టు. ఆ ఏడాది కూడా అట్లాగే చేశాడు. ఇంకా శ్రద్ధగా చేశాడేమో. పోస్ట్ మాస్టర్ సాబ్ షేర్వానీ వేసుకుని వచ్చాడు. బజారులోంచి మరో పది, పదిహేనుమంది వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను వెనక గదిలో పెద్ద మిషన్ ముందు కూర్చున్నాను. నాయిన వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడి, పరీక్షలో చెప్పినట్టే గొంతు సవరించుకుని ఇంగ్లీషులో ఉత్తరం చెప్పాడు. ఏ ఉత్తరమనుకున్నారు, మీరు పంపిన సరుకు మాకు అందలేదు అని ఒక వ్యాపారి రాసేది. ఆయన కావాలనే ఎంచుకున్నాడని నాకు ఇప్పటికీ అనుమానం. పైన ఎవరికి రాస్తున్నామో ఆ చిరునామా, పొట్టి పొట్టి లైన్లు. కింద ఇరవై లైన్ల సంగతి. కీల వైపు చూడకుండా కొట్టాను. ఒక్కసారి కూడా వెనక్కి పోయి దిద్దలేదు. అమ్మ పంపిందట అని ముందుకు చెప్పింది. ముందు గదిలో ప్రింటర్ గరగరమని మొదలైంది. గుమ్మంలో జనం వాహ్వా అన్నారు. అంతలోనే ఆ వాహ్వాలు ఒక్కొక్కటిగా తగ్గి, ప్రింటర్ చప్పుడు ఒక్కటే మిగిలింది.

నేను వంటింట్లోంచి పరుగెత్తి ముందు గదికి వచ్చాను. కాగితం మీద మొదటి లైను ఉండాల్సిన చోటే ఉంది. రెండోది మొదటి లైను ఎక్కడ ఆగిందో సరిగ్గా దాని కింద మొదలైంది. మూడోది రెండోదాని చివర. చిరునామా అంతా మిద్దె మెట్లలా ఏటవాలుగా కిందికి దిగిపోయింది. దాని తరువాత పెద్ద లైన్లు కాగితం అంచుకు కొట్టుకుని విరిగి, ఎక్కడెక్కడో పడ్డాయి. చిన్నాయిన జనం వైపు తిరిగి, హైదరాబాద్‌లో ఇప్పుడు ఉత్తరాలు ఇట్లాగే వస్తున్నాయి, ఇది కొత్త ఫ్యాషన్ అన్నాడు. అందరూ కాగితం మీంచి కళ్లెత్తి నన్ను చూశారు. అన్న నా దగ్గరికి వచ్చి ఏం నొక్కావని గొంతు తగ్గించి అడిగాడు. ఏమీ నొక్కలేదన్నాను. అప్పుడు చిన్నాయినే, నా మీద ప్రేమతోనే, అందరికీ వినిపించేలా అన్నాడు. "గింతమందిని చూసి పోరి చెయ్యి వణికినట్టున్నది." పోస్ట్ మాస్టర్ సాబ్ కూడా తల ఊపి, బిడ్డ పరేశాన్ అయింది, జర నీళ్లు తాగనీయండి అన్నాడు. గుమ్మంలో ఎవరో ఆడపిల్లకు ఇంత పెద్ద మిషన్ ఎందుకని మెల్లగా అనడం నాకు వినిపించింది. కుర్చీ పోయింది, మేడమ్ పోయింది, ఇక రొట్టెలే అనుకున్నాను. నాయిన గెలిచాడనుకున్నాను.

నాయిన కాగితం చింపి తీసుకుని, కళ్లద్దాలు పైకి జరిపి, చాలాసేపు చూశాడు. తరువాత ఒకటో నంబర్ దగ్గరికి పోయి, దాని దండ తీసి పక్కన పెట్టి, తెల్ల కాగితం ఎక్కించాడు. టైప్‌రైటర్‌లో లైను అయిపోగానే ఎడమ చేత్తో లాగే పిడి ఒక్కటే గానీ అది రెండు పనులు చేస్తుంది. కాగితాన్ని ఒక వరస పైకి జరుపుతుంది, అక్షరాలు కొట్టే బండిని మళ్లీ మొదటికి తెస్తుంది. ఆ బండినే క్యారేజ్ అంటారు. నాయిన చిరునామా మొదటి లైను కొట్టి, పిడి ముట్టుకోలేదు. కాగితం చుట్టుకునే రోలర్ పక్కనున్న చక్రాన్ని ఒక్క నొక్కు తిప్పి కాగితాన్ని మాత్రం పైకి జరిపి, రెండో లైను కొట్టాడు. మళ్లీ చక్రం. మూడో లైను. కాగితం లాగి, నా కాగితం పక్కన బల్ల మీద పెట్టాడు. అచ్చం అవే మెట్లు. పోస్ట్ మాస్టర్ సాబ్ వంగి రెండూ చూశాడు, చూసి నన్ను చూశాడు.

"రోలర్ తిరిగింది. క్యారేజ్ వాపస్ రాలే. గంతే," అన్నాడు నాయిన అన్నతో. "పోరి మంచిగనే కొట్టింది. మీ మిషిన్ లైను చివర్ల ఒక్క పనే చేస్తున్నది, రెండు చెయ్యాలె."

అన్న మొహం చూడాల్సింది. వెనక గదికి పరుగెత్తాడు. పుస్తకం తిరగేసుకుంటూ తిరిగి వచ్చాడు. డాస్‌లో లైను చివర రెండు గుర్తులు ఉంటాయట, ఒకటి కాగితం జరగడానికి, ఒకటి బండి తిరిగి రావడానికి. యునిక్స్‌లో ఒక్కటే గుర్తు, మిగతాది మిషన్ తనంతట తాను అర్థం చేసుకుంటుందట. మేం మురికి అనుకుని ఇన్నాళ్లూ తుడిచిపారేసింది ఆ రెండో గుర్తునే. తుడిచేయమన్న చేతితోనే ఇప్పుడు అటు నుంచి పోయే ప్రతి లైను చివరా అది పెట్టి పంపమని మిషన్‌కు రాశాడు. జనం అప్పటిదాకా కదలలేదు, అమ్మ ఇచ్చిన టీలు తాగుతూ నిలబడ్డారు. రెండోసారి ప్రింటర్ గరగరమన్నప్పుడు లైన్లు ఒకదాని కింద ఒకటి, ఎడమ అంచున దారం పట్టినట్టు వచ్చాయి. నాయిన ఎర్ర పెన్సిల్ తీసుకుని ఉత్తరమంతా చదివాడు. పన్నెండో లైనులో ఫుల్‌స్టాప్ తరువాత రెండు ఖాళీలు వదలాల్సింది నేను ఒక్కటే వదిలానని గీత గీసి, అడుగున పాస్ అని రాసి సంతకం పెట్టాడు. ఆ తరువాత కుంకుమ భరిణె తీసుకుని రెండు కంప్యూటర్లకూ బొట్టు పెట్టాడు. కీల మధ్యకు కుంకుమ పడుతోందని అన్న విలవిల్లాడినా వినలేదు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఆ తీగ మీద మేం పంపుకున్నవాటిలో ఒక్కటీ పనికొచ్చేది కాదు. ఇవాళ చేతిలో ఫోన్ ఉంటే క్షణంలో బొమ్మలు, మాటలు, పెళ్లి భోజనాల లెక్కలు ఈ ఊరి నుంచి ఆ ఊరికి పోతున్నాయి. మధ్యలో ఎవరూ అరవనక్కర్లేదు, ఎవరి రొట్టె కూడా మాడదు. బాగానే ఉంది, నాకేమీ బాధ లేదు, ఆ రోజులే బంగారమని చెప్పే ముసలివాళ్లంటే నాకు చిరాకు. ఆ రోజుల్లో ఎండాకాలం సాయంత్రాల్లో కరెంటే ఉండేది కాదు. కాకపోతే ఇప్పుడు ఏదైనా చెడితే ఎవరిని అడగాలో తెలియదు. అప్పుడు అడగాల్సిన మనిషి పక్క కుర్చీలోనే ఉన్నాడు, మేం అడగలేదు. ఆ సెంటర్‌లో నేను పన్నెండేళ్లు పాఠాలు చెప్పాను. ఝరాసంగం నుంచి, కోహీర్ నుంచి బస్సుల్లో ఆడపిల్లలు వచ్చేవాళ్లు. వాళ్లలో ఎవరికైనా ఏదైనా చిక్కు వస్తే, ఇది నాకు తెలుసులే అని నోటిదాకా వచ్చిన మాట ఆపుకుని, ముందు ఆ పిల్లనే ఏం జరిగిందో చెప్పమనేదాన్ని. టీచర్‌గా నాకున్న తెలివి మొత్తం అంతే, అది కూడా ఆ దసరా నాడు వచ్చిందే.

మాట ప్రకారం దసరా అయిన నాలుగో రోజు బీదర్ నుంచి వ్యాన్ వచ్చింది. నాయిన పొద్దున్నే లేచి, పోయేవాటికి ఎవరు చేస్తారని అమ్మ అంటున్నా వినకుండా, పది మిషన్లకూ మళ్లీ ఆయిల్ వేస్తూ కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని గుడ్డ అందిస్తున్నాను. నెల రోజుల తరువాత ఆయన పక్కన అట్లా కూర్చోవడం అదే మొదలు. ఏడో నంబర్ అయ్యి ఎనిమిదో నంబర్ మీదికి వచ్చేసరికి ఉండబట్టలేక అడిగేశాను. ఆ రోజు నువ్వు మాట్లాడకుండా ఉంటే సరిపోయేది కదా నాయినా, ఇవన్నీ నీ దగ్గరే ఉండేవి, అన్నకు ఎన్నాళ్లయినా తెలిసేది కాదు అన్నాను. ఆయన నూనె చుక్క పిడి మొదట్లో వేసి, అటూ ఇటూ రెండుసార్లు ఆడించి, బండి చివరిదాకా పోయి తిరిగి రావడం చూశాడు.

"మిషిన్ ఓడిపోతె నాకు ఖుషే ఉండె, బిడ్డా," అన్నాడు. "కని ఆడ అందరు నిన్ను చూస్తున్రు. మిషిన్ కాదు, నువ్వు ఓడిపోతున్నవ్. అది నేనెట్ల చూస్త?"

నాకు ఏడుపు ఆగలేదు. చేతిలో ఉన్న నూనె గుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాను. మొహమంతా మసి అయింది. నాయిన నా వైపు చూడలేదు. ఎనిమిదో నంబర్ మీద కవరు కప్పి, ముడి వేసి, తొమ్మిదో నంబర్ ముందుకు కుర్చీ జరుపుకున్నాడు.